మా యింటి కాల్ సెంటరు

పిలిచినవారికి బదులు పలుకవలెనని పెద్దలు మనకు చిన్ననాటనే నేర్పుదురు. వీథి వాకిట నెవరైనను "అమ్మా" అని కేక వేసినయెడల, చేతిలోని పని యెంత తొందరదైనను, లోపలినుండి ఒక మాటయైన పలుకుట మన యిండ్లలో మర్యాద. పలుకక యూరకుండుట తప్పు. పలికియు వారి మాట వినకపోవుట అంతకన్న పెద్ద తప్పు. ఈ రెండవ తప్పును మేమొక సాయంకాలము తెలియక చేసితిమి. అది యెట్లు జరిగెనో, దానిని దిద్దుకొనుటకు మేమేమి నేర్చుకొంటిమో సోదరీమణులకు విన్నవించుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమనగా తోడికోడండ్రము ఇద్దరము. మా యూరు పలనాటిలోని నడికుడి. గుంటూరునుండి వచ్చు రైలు సత్తెనపల్లి, పిడుగురాళ్లలు దాటి మా యూరు చేరును. ఇచ్చట దారి రెండుగా చీలును. ఒకటి గురజాల, రెంటచింతలల మీదుగా మాచర్లకు పోవును. రెండవది కృష్ణానదిని దాటి విష్ణుపురము, మిర్యాలగూడల మీదుగా సికింద్రాబాదు వైపు సాగును. మా యూరి పిల్లలకు అక్షరములు రాకమునుపే ఏ బండి యే దారిన బోవునో తెలియును. ఈ సంగతి యిచ్చట చెప్పుటకు కారణము కొంచెము తాళిన కనబడగలదు.

మాలో పెద్దది పెండ్లికి ముందు గుంటూరిలో టెలిఫోనులో బదులు చెప్పు కొలువు చేసినది. చిన్నది హైదరాబాదులో కంప్యూటరు చదువు చదివి, రెండేండ్లు ఉద్యోగము చేసి, తొలికాన్పుకు వచ్చి మరల పోలేకపోయినది. ఇంటిలో అత్తగారు, మామగారు, నలుగురు పిల్లలు, రెండు గేదెలు, మిరపచేను. ఈ సంసారమును విడిచి పట్టణమునకు పోవుట యిద్దరికిని కుదరలేదు. నేర్చిన విద్య వ్యర్థమగుచున్నదను బాధ మాత్రము ఇద్దరికిని ఉండెను.

2020వ సంవత్సరము నవంబరులో కేంద్ర టెలికం శాఖవారు కాల్ సెంటర్లకు రిజిస్ట్రేషను నిర్బంధమును తొలగించి, ఇంటివద్దనుండి పని చేయుటకు వీలు కల్పించిరి. ఆ వార్త చూచిన పిమ్మట మాకు ధైర్యము కలిగెను. పిడుగురాళ్లలో నొక చిన్న గదిని అద్దెకు తీసికొని, మరి ముగ్గురు స్త్రీలను కలుపుకొని, ఒక ప్రసూతి వైద్యశాలకు వచ్చు ఫోనులకు బదులు చెప్పు పనికి పూనుకొంటిమి. గర్భిణులకు పరీక్షల తేదీలు చెప్పుట, డాక్టరుగారిని చూచు వేళ నిర్ణయించుట, మందులు గుర్తుచేయుట, అపాయపు గురుతులు వినబడినయెడల వెంటనే బయలుదేరుడని చెప్పి లోపలివారికి కబురు పంపుట మా వంతు.

ఇది కూర్చుండి మాటలాడు సుఖమైన పని యని నవ్వినవారు లేకపోలేదు. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో 108 సేవ ప్రారంభమైన నాటినుండి, ఫోనెత్తి వినువారి చెవిమీద ఎన్ని ప్రాణములు ఆధారపడి యున్నవో మన పల్లెలన్నిటికిని తెలియును. మాది అంత గొప్ప సేవ కాదు. అయినను వినుటయే రెండింటికిని మూలము.

ఐదుగురు బదులు చెప్పుటకు ఐదు టెలిఫోను తీగెలు కావలయునని కొందరు తలంతురు. అవసరము లేదు. ఇంటర్నెట్టు తీగె యొకటి, సర్వరనబడు కంప్యూటరొకటి, కూర్చున్నవారికి కంప్యూటర్లును, తలకు తగిలించుకొను హెడ్‌సెట్లును చాలును. ఒక్కొక్క సంభాషణకు పోవుటకు, వచ్చుటకు సుమారు 87 కిలోబిట్ల చొప్పున దారి కావలయును. ఐదుగురును ఒక్కసారి మాటలాడినను అర మెగాబిట్టు దాటదు. పిల్లలు సినిమా చూచుటకు ఇంతకన్న నెన్నో రెట్లు పట్టును.

సర్వరులో పనిచేయు ప్రోగ్రాము పేరు ఆస్టరిస్క్. అమెరికాలో అలబామా రాష్ట్రమున చదువుకొనుచున్న మార్క్ స్పెన్సర్ అను యువకుడు 1999లో దీనిని వ్రాసెను. తన చిన్న వ్యాపారమునకు టెలిఫోను యంత్రమును కొనుటకు సొమ్ము చాలక, ఆ పనిని కంప్యూటరుచేతనే చేయించుకొని, పిమ్మట దానిని లోకమునకు ఉచితముగా విడిచిపెట్టెను. దానిమీద కాల్ సెంటర్లకొరకు కట్టబడిన విసిడయల్ అను సాఫ్ట్‌వేరును మేము వాడుచున్నాము. అదియు ఉచితమే. సొమ్ము లేనివారి అక్కరనుండి పుట్టిన వస్తువు సొమ్ము లేని మా చేతికి వచ్చుట మాకు సంతోషము.

రెండేండ్లు గడచునప్పటికి గది అద్దె పెరిగెను. పిల్లల బడి, ఇంటి పని, పిడుగురాళ్ల ప్రయాణము మూడును పొసగలేదు. కావున 2023లో సంక్రాంతి వెళ్లిన తరువాత, సర్వరును నడికుడిలోని మా యింటి ముందుగదికి తెచ్చుకొనుటకు నిశ్చయించితిమి. ఇంటికి క్రొత్త ఫైబరు తీగె వేయించి, నెలకు కొంత యెక్కువ చెల్లించి, మారని బయటి చిరునామాను తీసికొంటిమి. పిడుగురాళ్ల తీగెను నెలాఖరువరకు ఉంచితిమి. ఒక యాదివారమునాడు సర్వరును పాతబొంతలో చుట్టి, ఆటోలో ఒడిలో పెట్టుకొని పసిబిడ్డను తెచ్చినట్లు తెచ్చితిమి.

సోదరీమణులారా, ఇల్లు మారిన మనుష్యునకు చిరునామా మారునట్లే యంత్రమునకును మారును. ఇంటిలోని కంప్యూటర్లకును ఫోనులకును ఒక్కొక్క అంకె యుండును. దానినే ఐపీ చిరునామా యందురు. 192.168 అని మొదలగు చిరునామాలను ఇంటి లోపలి వాడుకకై కేటాయించునట్టి కట్టుబాటు 1996నుండి లోకమంతట నడచుచున్నది. కావున మీ యింటను మా యింటను అవే యంకెలుండవచ్చును. ఊరూర పెద్దవీథి యను పేరు ఉన్నను తగవు రానట్లే, దీనికిని తగవు రాదు. అవి గడప దాటి బయటకు పోవు అంకెలు కావు.

సామాన్యమైన ఫోనులకు రూటరు తన యిచ్చవచ్చిన అంకెను పంచిపెట్టును. రిజర్వేషను లేని పెట్టెలో ఎవరికి ఏ చోటు దొరికిన అందు కూర్చున్నట్టి వ్యవహారమిది. సర్వరునకు అట్లు చెల్లదు. అందరును దానిని వెదకుకొని రావలయును గనుక దానికి మారని చోటుండవలయును. మేము దానికి 192.168.1.10 అని యొక అంకెను స్థిరపరచితిమి. ఏ చిరునామాలు ఇంటిలోనివో, ఏవి బయటివో తెలియుటకు 255.255.255.0 అను మాస్కును వ్రాసితిమి. బయటికి పోవలసిన మాట ముందుగా ఎచ్చటికి పోవలయునో తెలుపునది గేట్‌వే. అది రూటరు చిరునామా, 192.168.1.1. గేట్‌వే యనగానేమని అత్తగారు అడిగినప్పుడు, "మన నడికుడి జంక్షను వంటిదండీ. బయటి బండ్లన్నియు అచ్చటికి పోయియే తమ తమ దారి పట్టవలయును" అని చెప్పితిమి. ఆమెకు వెంటనే బోధపడెను.

విసిడయల్ తన లోపలి పట్టికలలో సర్వరు చిరునామాను పెక్కుచోట్ల వ్రాసికొని యుండును. కంప్యూటరునకు క్రొత్త అంకె నిచ్చినంతమాత్రమున ఆ పట్టికలు మారవు. వానినన్నిటిని ఒక్కమారు మార్చుటకు దానితోడనే యొక చిన్న ఆజ్ఞాపత్రము వచ్చును. చిన్నది దానిని నడిపి, పాత అంకెను క్రొత్త అంకెను చూపి, సర్వరును ఆపి మరల లేపెను. ఈ కుర్చీనుండి ఆ కుర్చీకి పిలిచి చూచితిమి. మాటలు చక్కగా వినబడెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి. పని ముగిసినదని తలచి సాయంకాలము ఆరు గంటలకు ఫోనులు అందుకొనుట ప్రారంభించితిమి.

మొదటి పిలుపు వచ్చెను. "నమస్కారమండీ, చెప్పండి" అంటిమి. అవతల నిశ్శబ్దము. రెండవ పిలుపును అంతే. మూడవదియు అంతే. మా పల్లెలలో సిగ్నలు చాలనిచోట్లు పెక్కు గలవు. కావున మేము ప్రతివారికిని, "మీ మాట వినపడటం లేదండీ, కాస్త సిగ్నల్ ఉన్నచోటికి వచ్చి మళ్లీ చేయండి" అని మర్యాదగా చెప్పి పెట్టివేసితిమి. ఎనిమిది గంటలకు పదునొకండు పిలుపులు వచ్చెను. పదునొకండింటను నిశ్శబ్దమే. ఒక నంబరునుండి నాలుగుమార్లు వచ్చెను.

అత్తగారు గుమ్మమువద్ద కూర్చుండి మిరపకాయలకు తొడిమలు తీయుచుండిరి. మాలో పెద్దది విసుగుతో, "ఈ పూట ఎవరి ఫోనూ సరిగా లేదండీ" అనెను. ఆమె తలయెత్తకయే, "అందరికీ ఒక్క పూటే మూగ వచ్చిందటే? మీ చెవి చూసుకోండి ముందు" అనిరి.

ఆ మాటకు మేము ఉలికిపడితిమి. ప్రతి సంభాషణయు సర్వరులో దాచబడును. చిన్నది ఆ సాయంకాలపు సంభాషణములను తీసి వినెను. పదునొకండింటను మా గొంతు మాత్రమే యున్నది. లోపము పిలిచినవారి ఫోనులలో లేదు, మా యింటనే యున్నది. సర్వరును నమ్ముట మాని, మా సొంత మొబైలు ఫోనులు తీసికొని ఆ నంబర్లన్నిటికిని మేమే పిలిచితిమి. పెక్కురు మరునాటి పరీక్షల వేళ అడుగుటకై చేసినవారు. నాలుగుమార్లు వచ్చిన నంబరునకు ఒక పురుషుడు పలికెను. ఆ ఫోను అతనిదట. పొరుగింటి ముసలమ్మ తన కూతురికొరకు అడిగి తీసికొన్నదట. ఆ కూతురికి ఎనిమిదవ నెల. పొద్దుటినుండి విడువని తలనొప్పి, కాళ్ల వాపు, చూపు మసక. "మీరు పలకట్లేదని నేనే 108కి చేశానమ్మా. బండెక్కి పోయారు. ఏమైందో తెలవదు" అనెను.

అవి గర్భిణికి రక్తపోటు పెరిగినదని తెలుపు గురుతులని మాకు నేర్పబడియుండెను. విన్న నిమిషముననే బయలుదేరుడని చెప్పవలసినవారము. మేమేమి చెప్పితిమి? సిగ్నలున్నచోటికి పొమ్మంటిమి.

ఆ రాత్రి యెవరికిని అన్నము రుచింపలేదు. వైద్యశాలవారికి జరిగినది దాపరికము లేక చెప్పి, ఉదయమువరకు ఫోనులను వారి గుమాస్తా మొబైలునకు మళ్లించుకొండని కోరితిమి. పిమ్మట సర్వరు ముందు కూర్చుంటిమి. చిన్నది ఒక్కొక్క పంక్తి చదువుచుండగా పెద్దది కాగితముమీద వ్రాయుచుండెను. పదకొండు గంటలకు దోషము దొరకెను.

ఇంటర్నెట్టుమీద వచ్చు పిలుపు రెండు భాగములుగా వచ్చును. మొదటిది కబురు: ఫలానావారు పిలుచుచున్నారు, అందుకొందురా యని. ఇది 5060 అను పోర్టున వచ్చును. పోర్టనగా ఒకే యింటికి గల పెక్కు ద్వారములలో నొకటి. రెండవది కంఠధ్వని. ఆస్టరిస్కులో దానికి సామాన్యముగా 10000 మొదలు 20000 వరకు గల పోర్టులను వాడుదురు. కబురునకు బదులు పంపునప్పుడు సర్వరు, "మీ ధ్వనిని ఈ చిరునామాకు పంపుడు" అని వ్రాసి పంపును. ఇంటి లోపలి చిరునామా బయటివారికి పనికిరాదు గనుక బయటి చిరునామాను దానికి మనమే చెప్పియుంచవలయును. మేము లోపలి చిరునామాలన్నియు మార్చితిమి గాని, ఈ యొక్క పంక్తిని మార్చలేదు. అందు పిడుగురాళ్ల గది బయటి చిరునామాయే నిలిచియుండెను. పెండ్లి క్రొత్తయింట జరుపుచు, శుభలేఖలో పాతయింటి చిరునామాను అచ్చువేయించినట్లయ్యెను.

అట్లయిన గంట యెట్లు మ్రోగెనని మీరడుగవచ్చును. ఊరు మారినవాడు తానే పోస్టాఫీసుకు పోయి చెప్పివచ్చినట్లు, సర్వరు కొంతసేపటికొకమారు టెలిఫోను కంపెనీకి తానున్న దారిని తానే తెలుపుకొనుచుండును. కావున కబురు సరిగా వచ్చెను. మా మాట మా యింటినుండి బయలుదేరి సరిగా వారికి చేరెను. వారి మాట మాత్రము మేము తాళము వేసి వచ్చిన పిడుగురాళ్ల గదికి పోవుచుండెను. కుర్చీనుండి కుర్చీకి పిలిచినప్పుడు మాట గడప దాటదు గనుక ఆ లోపము మాకు కనబడలేదు. ఇంటివారు ఇంటిలో మాటలాడుకొన్నంతమాత్రమున వీథితలుపు తెరచియున్నట్లు కాదు గదా.

ఆ పంక్తిలో క్రొత్త చిరునామా వ్రాసితిమి. ఏవి లోపలి చిరునామాలో చెప్పు పంక్తిని సరిచూచితిమి. రూటరులో 10000 మొదలు 20000 వరకు గల పోర్టులకు వచ్చు ధ్వనిని సర్వరునకు చేర్చునట్లు ఏర్పాటు చేసితిమి. 5060ని మాత్రము అందరికిని తెరువలేదు. తెరచినయెడల ఎక్కడెక్కడివారో వచ్చి రహస్యపదములను ఊహించి చూచుచు, మన ఖర్చుమీద పరదేశములకు ఫోనులు చేసికొన జూతురు. అందుచేత మా టెలిఫోను కంపెనీ చిరునామానుండి వచ్చు కబురును మాత్రమే లోనికి రానిచ్చితిమి.

తరువాత అత్తగారి చేతికి మొబైలు నిచ్చి పెరటిలోనికి పంపితిమి. ఆమె గేదెల పాకవద్ద నిలిచి, "ఇప్పుడైనా వినపడుతోందా?" అనిరి. ఆ మాట హెడ్‌సెట్టులో స్పష్టముగా వినబడెను. గేదె మెడలోని గంటయు వినబడెను. మాలో పెద్దది కన్నీరు ఆపుకొనలేకపోయినది.

మరునాటి మధ్యాహ్నమునకు గాని ఆ కూతురి సంగతి తెలియలేదు. సర్కారు ఆసుపత్రిలో ఆ రాత్రియే ఆపరేషను చేసి బిడ్డను తీసిరట. ఆడపిల్ల. తూకము తక్కువయైనను బ్రతికినది. తల్లియు క్షేమము. ముసలమ్మ ఫోనులో మాతో అనిన మాటలు ఇప్పటికిని మా చెవులలో నున్నవి. "మీ మాట నాకు గంట కొట్టినట్టు వినపడతానే ఉందమ్మా. సిగ్నలున్న కాడికి రమ్మంటే మేడెక్కాను. మళ్లీ అంటే చెరువుకట్ట మీదికి పోయాను. అరిచి అరిచి గొంతు పోయింది. నా మాట ఎటు పోయిందమ్మా?"

పిడుగురాళ్లలో తాళము వేసిన గదికి పోయినదని ఆమెకు ఎట్లు చెప్పుదుము? "తప్పు మాదేనమ్మా" అని మాత్రము అంటిమి. ఆమె కొంతసేపు పలుకలేదు. తుదకు, "పోనీలే, పిల్ల దక్కింది" అనెను. పురిటిరోజులు గడచిన తరువాత ఇద్దరమును పోయి బాలింతకు చీర, పిల్లకు గౌను ఇచ్చి వచ్చితిమి. క్షమించినదో లేదో మేమడుగలేదు. కాఫీ మాత్రము ఇచ్చినది.

మా బంధువులలో కొందరు, "తీగెల పని ఆడవారికేల? ఎవరైన మగవానిని పెట్టుకొనరాదా?" అనిరి. నాయకురాలు నాగమ్మ మంత్రిత్వము నడపిన కథను తరతరములుగా చెప్పుకొను పలనాటిలో ఈ మాట వినుట మాకు వింతగా నుండును. దోషము మేము నేర్చుటవలన రాలేదు. నేర్చినది చాలునని తలచుటవలన వచ్చెను. మునుపు పిడుగురాళ్లలో ఈ బయటి చిరునామాను పట్టణమునుండి వచ్చిన కుర్రవాడొకడు వ్రాసి పోయెను. అతడేమి వ్రాసెనో మేమడుగలేదు, ఎచ్చటను వ్రాసి పెట్టుకొనలేదు. అడిగియుండినచో ఆ సాయంకాలము అట్లు గడచెడిది కాదు.

ఇప్పుడు పాలపద్దు వ్రాసికొను పుస్తకము ప్రక్కన మరియొక పుస్తకమున్నది. అందు సర్వరు చిరునామా, మాస్కు, గేట్‌వే, పేర్లను అంకెలుగా మార్చు డీఎన్ఎస్ చిరునామా, బయటి చిరునామా, తెరచిన పోర్టులు, ఏ సంగతి ఏ పంక్తిలో నున్నదో, ఎన్నడు ఎవరు మార్చిరో తేదీలతో వ్రాసియున్నవి. రహస్యపదములు మాత్రము అందు వ్రాయలేదు. ఎదైనను మార్చినప్పుడు బయటి ఫోనునుండి ఒకమారు పిలిచి, ఇరువైపుల మాటయు విని, పిమ్మటనే పని ప్రారంభింపవలయునని మొదటి పుటలో ఎఱ్ఱసిరాతో వ్రాసికొంటిమి.

సోదరీమణులారా, మీలో ఎందరో నేడు ఇంటివద్దనుండి పని చేయుచున్నారు. కుట్టుయంత్రమునకు నూనె పోయుట, సూది మార్చుట మీకు తెలియును. అట్లే మీ జీవనమునకు ఆధారమైన కంప్యూటరు ఏ చిరునామాలో నున్నదో, బయటివారి మాట ఏ దారిన మీకు చేరుచున్నదో తెలిసికొనుడు. తెలిసినవారు వచ్చినప్పుడు ప్రక్కన కూర్చుండి, ఇది యేమి, అది యేమి యని సిగ్గుపడక అడిగి వ్రాసికొనుడు. అవతలివారి మాట వినబడనప్పుడు వారిది లోపమని తలచుటకు ముందు మన చెవిని మనము చూచుకొనుట మేలు.

ప్రతి ఉదయము ఎనిమిది గంటలకు మా యింటికి వచ్చు మొదటి పిలుపు అత్తగారిది. ఆమె మొబైలు పట్టుకొని రైలు స్టేషను వైపు నాలుగడుగులు నడచి, "వినపడుతోందా?" అని అడుగుదురు. "వినపడుతోందండీ" అని మేము చెప్పిన తరువాతనే మిగిలినవారి పిలుపులు అందుకొనుచున్నాము.